దగ్గితే పలకాలి

బిట్రగుంటలో రాత్రి పదిన్నర.
రైల్వే క్వార్టర్సు వెనక రేకుల గది.
ఫ్యాను ఆపేసి
ల్యాప్‌టాప్‌లో పియానో తెరిచాను.
పద్దెనిమిది జీబీల పియానో,
పక్కింటి వైఫై దయవల్ల
మూడు రాత్రులు కారి కారి దిగింది.

నొక్కితే మోగుతుంది.
అదే దాని జబ్బు.
వేలెత్తగానే చేతులు కడిగేసుకుంటుంది.
కింది మెట్లు డ్రమ్ములో నీళ్లు,
పై మెట్లు కొత్త స్టీలు గిన్నె మీద స్పూను.
మనిషి గొంతుండాల్సిన నడిమి చోట
బ్యాంకు ఫోనులో వినిపించే మర్యాద.

హనోకు తాతను పిలుచుకొచ్చాను.
బొగ్గింజన్లు పోయేదాకా లోకోషెడ్డులో ఫిట్టరు,
సాయంత్రాలు ఇన్‌స్టిట్యూట్ హాల్లో పియానోకి వైద్యుడు.
శ్రుతి బిగించే తాళం కూడా
పాత వాల్వు కడ్డీ సానబట్టి తానే చేసుకున్నాడంట.
ఇప్పుడు కుడిచెవి లేదు.
ఎడంచెవి నావైపు పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

ఒక్క స్వరం వాయించమన్నాడు.
మళ్లీ అదే.
మళ్లీ.
"ఏందబ్బయా, ఎన్నిసార్లడిగినా ఒకే మాట చెప్తాది,
నేర్పిన సాక్షి మాదిరి!
తీగలెన్ని దీనికి?"
తీగల్లేవు తాతా.
"ఆ మాత్రం నాకూ తెలుసులే.
ఎన్ని ఉన్నట్టు నటిస్తాంది?"

మెట్టుకి మూడు తీగలంట.
మూడూ ఒకటే అనిపించాలి, ఒకటి కాకూడదంట.
వెంట్రుకంత ఎడముంటేనే లోపల అల లేస్తుందంట.
మౌసుతో వెతికి, ఆ గుండీని
వెంట్రుక మందం తిప్పాను.
నాదం కొంచెం ఒళ్లు చేసింది.

సుత్తుల ఉన్ని మెత్తన చేయమన్నాడు.
ఒకప్పుడు మూడు సూదులు పట్టుకుని
ఒక్కో సుత్తినీ గుచ్చి గుచ్చి
ఆదివారమంతా వంగి కూర్చుని చేసిన పని.
నేను ఒక గీతను ఎడమకు జరిపాను.
అయిపోయింది.
తాత చాలాసేపు మాట్లాడలేదు.

"ఇదేందిరా ఈ మోత?"
కెథెడ్రల్, అన్నాను.
"నువ్వుండేది రేకుల కింద,
అదేమో యాడో గోపురం కింద మోగతా ఉంటే
ఎట్ట అతుకుద్ది?"
గోపురం తీసేసి
చెక్క నేలున్న చిన్న గది పెట్టాను.
మూత సగం దించాను.

అప్పుడు నా చేతుల మీద పడ్డాడు.
"ఇవి హార్మోనియం వేళ్లు.
దానికి గాలి చాలు, నువ్వెట్ట నొక్కినా ఒకటే.
దీనికి బరువు తెలవాల."
పన్నెండేళ్లు ప్రార్థనల్లో వాయించిన వేళ్లు.
ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాను.

ఇంతలో గూడ్సు వచ్చింది.
రేకులు వణికాయి, గ్లాసులో నీళ్లు వణికాయి,
పెడలు తొక్కి పట్టుకునే ఉన్నాను,
పియానో మాత్రం ఉలకలేదు.

"మాది పలికేది," అన్నాడు.
"పెడలు మీద కాలుంటే చాలు,
బండి పోతే తీగలన్నీ మూలిగేవి.
డిక్రూజు దొరసాని దగ్గితే అదీ దగ్గేది.
హాల్లోకి మనిషొచ్చాడని దానికి తెలిసేది."

ఇప్పుడదెక్కడుంది తాతా?
చెక్క చెదలకు. ఇనుము కావలికి, తూకానికి.
కిలో ఎంతకో చెప్పలేదు.

రెజొనెన్స్ గీతను చివరిదాకా తోశాను.
తీగలు పలకరించుకున్నాయి,
వాటిలో అవి.
మా ఇద్దరి ఊసూ వాటికి పట్టలేదు.

ఒంటిగంటకి రికార్డు నొక్కి
రేపటి ఆరాధన పాట మొత్తం వాయించాను.
చివరి స్వరాలు పెడలు మీద నిలబెట్టి
అవి సన్నగిల్లుతుంటే ఊపిరి బిగబట్టాను.
తాత దగ్గాడు.
దగ్గి, ఎడంచెవి ల్యాప్‌టాప్ వైపు తిప్పి
ఆగాడు.

నేను పెడలు వదల్లేదు.
ఆయన చూపు పడని వైపు
చిటికెన వేలితో, తడి గోడ తాకినట్టు,
కింది మెట్టు ఒకటి
వినపడీ వినపడకుండా నొక్కాను.
నా జన్మలో అంత మెత్తగా నొక్కి ఎరగను.

తాత తల తిప్పలేదు.
"ఇంకా బరువే," అన్నాడు.